చిటికెనవేలు తుడిచేసిన మొహం

ఆ స్టూడియోలో ఆమెని అందరూ క్లీనప్ అక్క అంటారు. అసలు పేరు జీతాలిచ్చేవాళ్లకి తెలుసు, ఇంట్లోవాళ్లకి తెలుసు. మిగతావాళ్లకి తెలుసుకోవాల్సిన అవసరం పడలేదు.

ఆటలకీ సినిమాలకీ కంప్యూటర్లో మనుషుల్ని తయారుచేసి ఇచ్చే స్టూడియో అది. కింది అంతస్తులో ఒక గుండ్రటి గది. గోడల నిండా కెమెరాలు, మధ్యలో ఒక స్టూలు. ఆ స్టూలు మీద కూర్చున్న మనిషిని కెమెరాలన్నీ ఒకేసారి ఫోటో తీస్తాయి. ఆ ఫోటోలన్నిటినీ కలిపి కంప్యూటరు ఒక బూడిదరంగు తలకాయ తయారుచేస్తుంది. అది నేరుగా పనికిరాదు. జుట్టు ముద్దకట్టి ఉంటుంది, ముక్కు రంధ్రాలు పూడుకుపోయి ఉంటాయి, చెవుల వెనక చిల్లులుంటాయి. ఇవి సరిచెయ్యడమే క్లీనప్ పని. అంతవరకూ బాగానే ఉంది. కానీ ప్రతి తలకాయతోపాటూ పైనుంచి ఇంకో ఆర్డరు వస్తుంది: మచ్చలు తియ్యాలి, గాట్లు తియ్యాలి, మొటిమల గుంటలు పూడ్చాలి, పెదవుల పగుళ్లు కప్పెయ్యాలి.

ఆ స్టూలు మీద కూర్చునేది ఎవరు? గుంపు సీన్ల కోసం ఒక్క పూటకి పిలిపించినవాళ్లు. ఇళ్లు కట్టేవాళ్లు, లారీల్లో సరుకు ఎక్కించేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు. వాళ్ల మొహాలే కావాలట, ఎందుకంటే అవి నిజంగా ఉంటాయట. పట్టుకొచ్చాక ఆ నిజాన్ని మళ్లీ తుడిచెయ్యాలట. దీనికి ఆ పరిశ్రమలో గౌరవంగా ఏ పేరు పెట్టుకున్నా, నాకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే, మనిషిని పిలిచి కూర్చోబెట్టి అతని బతుకుని మురికి కింద జమకట్టడం.

క్లీనప్ అక్క ఆ పని ఎనిమిదేళ్లుగా చేస్తోంది. అంతకుముందు ఒక ఫోటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలకి మొటిమలు చెరిపేది. కుడిచేతిలో పెన్ను, దాని కింద కంప్యూటరుకి తగిలించిన పలక. ఎడమచేతి చిటికెనవేలు కీబోర్డు మీద షిఫ్ట్ కీ దగ్గర. ఆ కీ నొక్కిపట్టి పెన్ను రాస్తే గరుగ్గా ఉన్నదల్లా నున్నబడుతుంది. నొక్కడం, రాయడం, నొక్కడం, రాయడం. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఆ చిటికెనవేలు ఒక్కటే కొంచెం వంగి ఉంటుందని వాళ్లాయన వేళాకోళం చేస్తాడు.

పై అంతస్తులో శిల్పుల గది. అక్కడ కెమెరాలతో తీసిన స్కానులు వాడరు. తెరమీద ఒక గోళం తీసుకుని, మట్టిముద్దని పిసికినట్టు పెన్నుతో నొక్కుతూ లాగుతూ మనిషిని పుట్టిస్తారు. ముఖ్యమైన పాత్రలన్నీ అక్కడే పుడతాయి. ఆ గదికి కిటికీలున్నాయి. క్లీనప్ గదికి లేవు. ఇది అనుకోకుండా జరిగిందంటే నేను నమ్మను.

ఈ ఎనిమిదేళ్లలో ఆమె పక్క కుర్చీల్లోంచి ఎంతమంది లేచి మెట్లెక్కారో. చాలామంది ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. వెళ్తూ వెళ్తూ, "నువ్వు లేకపోతే ఈ క్లీనప్ ఏమైపోతుందో అక్కా" అనేవాళ్లు. మెచ్చుకుంటూనే మనిషిని ఉన్నచోట మేకు కొట్టి ఉంచే విద్య అన్ని ఆఫీసులకీ వచ్చు.

ఆ మధ్య పై గదిలో ఒక శిల్పి ఉద్యోగం మానేశాడు. కుర్చీ ఖాళీ అయింది. ఆ గదిని నడిపించే లీడ్ ఒకమ్మాయి, ముప్పై కూడా దాటలేదు. ఆమె కిందికి దిగొచ్చి అందరినీ పిలిచి చెప్పింది.

"నెలాఖర్న బయట ఇన్‌స్టిట్యూట్ల వాళ్లకి టెస్టు పెడుతున్నాం. ఈలోపు మనవాళ్లలో ఎవరైనా ఒక మనిషి తల చేసి చూపించొచ్చు. మెడా భుజాలూ కూడా ఉండాలి. గోళం నుంచి మొదలుపెట్టాలి. లైబ్రరీలో దాచిన పాత తలకాయలు ముట్టుకోకూడదు. బావుంటే ఆ కుర్చీ వాళ్లదే."

క్లీనప్ అక్క చెయ్యెత్తింది.

పక్కన కూర్చునే అతను, పొడుగు జుట్టు వెనక్కి ముడేసుకుంటాడని అందరూ పిలక అంటారు, ఆమెని చూసి, "ఏసీ తగ్గించాలా అక్కా?" అన్నాడు.

"కాదు. నేను చేస్తానని."

పిలక తన తెరవైపు తిరిగిపోయాడు. లీడ్ మాత్రం, "సరే మీరు చెయ్యండి" అని రాసుకుంది.

ఇంట్లో ఈ సంగతి చెబితే వాళ్లాయన నవ్వాడు. అతను లిఫ్టు మెకానిక్కు. "ఊళ్లో జనాన్నందరినీ పైకి పంపిస్తాను, మా ఆవిడ ఒక్క అంతస్తు ఎక్కడానికి ఎనిమిదేళ్లు పట్టింది" అన్నాడు.

"ఇంకా ఎక్కలేదు. చెయ్యాలి ముందు."

"ఎవరి తల చేస్తావేంటి?"

ఆమె వంటింటి గుమ్మం వైపు చూసింది. అక్కడ కుర్చీ వేసుకుని వాళ్లత్తగారు కూరగాయలు తరుగుతోంది.

"ఏంటే, నా వైపు చూస్తావు?" అంది అత్తగారు. "మీ కంప్యూటర్లకి నాకంటే అందగత్తెలు దొరకలేదా?"

"దొరికారు అత్తయ్యా. వాళ్లు కదలకుండా కూర్చోరు."

"నేను మాత్రం కూర్చుంటానని ఎవరన్నారు నీతో?"

అయినా కూర్చుంది. కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని, కూరగాయల కత్తి పక్కన పెట్టి, దర్జాగా. కోడలు ముందునుంచి, పక్కలనుంచి, కింది నుంచి, పైనుంచి ఫోటోలు తీసుకుంది.

అత్తగారు పెద్ద ఆస్పత్రి లాండ్రీలో పనిచేసి రిటైరైన మనిషి. రోగుల దుప్పట్లు ఉతికి, పిండి, వేడి రోలర్ల మధ్య ఇస్త్రీ చేసే చోటు. ఒకరోజు ఆవిరి పైపు జాయింటు ఊడి మొహం మీదికి కొట్టింది. ఎడమ కణత దగ్గర మొదలై చెంపమీదుగా దవడ దాకా కాలిన మచ్చ ఉంటుంది ఆమెకి. కోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికే అది పాతబడిపోయింది. ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడరు. పనిగట్టుకుని దాచిందీ లేదు.

రోజూ డ్యూటీకి ముందే ఆఫీసుకెళ్లి ఆ తల మీద కూర్చునేది క్లీనప్ అక్క. గోళాన్ని కోడిగుడ్డులా సాగదీసి, కళ్లగుంటలు నొక్కి, దవడ ఎముక లాగి, పుర్రె వచ్చాక దానిమీద కండ పెట్టి. ఇన్నేళ్లూ ఇతరులు ఇచ్చిన మొహాల్లోంచి తీసెయ్యడమే ఆమెకి తెలిసిన పని. పెట్టడం ఇదే మొదలు. ముక్కు పైకి లేచిన రోజు ఆమె టీ తాగడం కూడా మర్చిపోయింది. అత్తగారి పోలిక మెల్లగా వచ్చేసింది. పిలక వెనకనుంచి చూసి, "అక్కా, ఈవిడ నన్ను తిట్టేలా ఉంది" అన్నాడు. దానికి ఆమె రెండురోజులు సంతోషంగా ఉంది.

చూపించే రోజు వచ్చింది.

పై గదిలో ఒక పద్ధతుంది. గోడమీది పెద్ద తెరలో శిల్పాన్ని పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పుతారు. రంగు ఉండదు, జుట్టు ఉండదు, ఉట్టి బూడిదరంగు మట్టిలా ఉంటుంది. చేసినవాళ్లు ముందువరసలో ఒక కుర్చీలో కూర్చుంటారు. అందరూ చెప్పడం అయ్యేదాకా ఆ కుర్చీలో ఉన్నవాళ్లు నోరు విప్పకూడదు. విప్పితే సంజాయిషీ చెప్పుకోవడమే సరిపోతుంది, వినడం అవదు అని ఆ నియమం. మొదట శిల్పాన్ని మాత్రమే చూస్తారు. దేన్ని చూసి చేశారో ఆ ఫోటోలు చివర్లో తెరుస్తారు.

క్లీనప్ అక్క కూర్చుంది. అత్తగారి తల తెరమీద తిరిగింది.

"నీట్‌గా ఉంది" అన్నాడొక శిల్పి.

"చాలా క్లీన్ వర్క్" అంది ఇంకొకామె.

"పోలిక సంగతి తెలీదుగానీ, ఫినిషింగ్ బావుంది" అన్నాడు గడ్డం. పై గదిలో అందరికంటే పాతవాడు, గడ్డంతోనే గుర్తుపడతారు.

కింది నుంచి వచ్చి వెనక నిలబడ్డ పిలక బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆమెకి చెవులు వేడెక్కాయి.

లీడ్ ఒక్కతే ఏమీ అనలేదు. తలని ఆపింది. లైటు పక్కకి జరిపింది. కింది నుంచి చూసింది. తర్వాత మొత్తం నల్లగా చేసి నీడలా చూసింది. మళ్లీ వెలుగు పెట్టింది.

"ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండక్కా. ఈమె ఏం పని చేసేది?"

"ఆస్పత్రి లాండ్రీలో. చేరినప్పట్నుంచీ రిటైరయ్యేదాకా అక్కడే."

"ఆ సంగతి ఈ మొహానికి తెలీదు" అంది లీడ్.

లీడ్ గొంతులో వెటకారం లేదు. అందువల్ల ఇంకా గట్టిగా తగిలింది.

"వయసు పెట్టారు. ముడతలున్నాయి, చర్మం జారింది. కానీ ఇరవయ్యేళ్లప్పుడు ఈమెని ఒక అలమరలో పెట్టి, ఈరోజే బయటికి తీసినట్టుంది. ఏమీ జరగలేదు ఈ మొహం మీద. రెండువైపులా ఒకటే. ఫోటోలు తెరవండి."

ఫోటోలు తెరిచారు.

శిల్పం పక్కన అసలు మనిషి. ఎడమ చెంపమీద మచ్చ. కుడివైపు దంతాలు పోయి లోపలికి పోయిన బుగ్గ. ఎడమవైపుతోనే నమిలీ నమిలీ అక్కడ గట్టిపడిన దవడ కండ. కళ్లజోడు నొక్కి ముక్కుమీద పడ్డ గుంటలు. కనుబొమల్లో ఒకటి ఎప్పుడూ కాస్త పైకి. ఒక్కటి, ఒక్కటి కూడా శిల్పంలో లేదు.

క్లీనప్ అక్క తెర వైపు చూస్తూ ఉండిపోయింది. బుగ్గ గుంట ఆమె చేసింది, చేసినట్టు గుర్తుంది. ముక్కుమీద గుంటలు ఫోటో పెద్దది చేసి మరీ పెట్టింది. ఎప్పుడు పోయాయి అవి?

వెనకనుంచి పిలక మెల్లగా అన్నాడు. "అక్కా, నువ్వు ఆలోచించేటప్పుడు కూడా నీ చిటికెనవేలు షిఫ్ట్ మీదే ఉంటుంది."

ఎవరో నవ్వబోయి ఆగారు. ఆమె తన ఎడమచేతి వైపు చూసుకుంది. ఒళ్లో పెట్టుకున్న చెయ్యి. చిటికెనవేలు వంగి ఉంది. పెట్టిన ప్రతిదాన్నీ ఆ వేలే మళ్లీ తుడిచింది. ఎవరి ఆర్డరూ లేకుండా. ఎనిమిదేళ్లు ఒకే పని చేయిస్తే పనివాడి చేతికి ఏం అలవాటవుతుందో యజమానులకి పట్టదు. ఆ అలవాటు రేపు పనివాడికే అడ్డంపడినప్పుడు, మీకు రాదు అంటారు.

లీడ్ అలా అనలేదు, అది ఒప్పుకోవాలి. "చెయ్యి బావుంది మీది. పోలిక పట్టుకోవడం అందరికీ రాదు. నెలాఖర్న టెస్టు రోజునే మళ్లీ చూపించండి. చెరిపినవన్నీ తిరిగి రావాలి. ముఖ్యంగా ఆ మచ్చ. ఆ మచ్చలోనే ఉంది కథంతా" అంది.

సాయంత్రం క్లీనప్ అక్క ఇంటికొచ్చి మొహం గంటుపెట్టుకుని కూర్చుంది. అత్తగారు కాసేపు చూసింది.

"ఏం, నా తల నచ్చలేదా వాళ్లకి?"

"మీ తల నచ్చింది. నేను చేసిందే నచ్చలేదు."

"ఏదీ, చూపించు."

ఫోన్లో తిరిగే బొమ్మ చూపించింది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఎవరే ఈవిడ? మా చెల్లెల్లా ఉంది. అదీ మొగుడితో గొడవపడకముందు."

వాళ్లాయన పక్క గదిలోంచి నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. బొమ్మ ఎడమవైపు తిరిగినప్పుడల్లా ఆపించి చూస్తోంది.

"మచ్చ పెట్టలేదే."

"అదే తప్పన్నారు. మచ్చ పెడితేనే నిజమట. మళ్లీ చెయ్యమన్నారు."

"ఎందుకు, బానే ఉందిగా. ఇలాగే ఉంచు."

"అత్తయ్యా, నాకు ఆ కుర్చీ రావాలంటే—"

"కుర్చీ కోసం నా మచ్చ కావాలా?"

అత్తగారు ఫోన్ బల్లమీద పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. అలా ఆపకుండా మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. వాళ్లాయన కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"పైపు ఊడినప్పుడు ఆస్పత్రివాళ్లు నాదే అజాగ్రత్త అన్నారు. యూనియన్ వాళ్లొచ్చారు. మంచివాళ్లే, నాకోసం గొంతు చించుకున్నారు. కట్లు విప్పిన రోజు ఫోటోగ్రాఫర్ని తెచ్చారు. ఎడమవైపే తీశాడు. నేను అలవాటుగా నవ్వాను. నవ్వొద్దమ్మా అన్నాడు. నేను నవ్వితే వాళ్ల పోస్టరు పాడవుతుందట. ఊరంతా అంటించారు. బస్సుల వెనక, గోడల మీద. పైపులు మార్చారులే. అన్ని లాండ్రీల్లోనూ మార్చారు. అది అబద్ధం కాదు. కానీ బస్సెక్కితే పోస్టరావిడ అనేవాళ్లు. వీణ్ణి బడిలో ఏమనేవాళ్లో అడుగు."

వాళ్లాయన నేలవైపు చూశాడు.

"నాకు ఇటువైపు మొహం కూడా ఉంది" అంది అత్తగారు, కుడి చెంప మీద చెయ్యి పెట్టుకుని. "దాన్ని ఎవరూ అడగలేదు."

ఇక్కడ నేను యూనియన్లలో ఉన్న మా వాళ్లని వెనకేసుకురాను. జెండా పట్టినవాళ్లకి ఆ మచ్చ కావాల్సొచ్చింది, ఆస్పత్రికి అది లేకుండా పోవాల్సొచ్చింది, స్టూడియోకి ఇప్పుడు కథ కోసం మళ్లీ కావాల్సొచ్చింది. పైపులు మారాయి కాబట్టి పోస్టరు తప్పని నేను అనలేను. నవ్వొద్దమ్మా అనడం తప్పని మాత్రం అంటాను. ఒక మనిషికి న్యాయం అడగడానికి ఆమె నవ్వుని తీసెయ్యాల్సిన అవసరం ఏ ఉద్యమానికీ ఉండకూడదు.

మర్నాడు క్లీనప్ అక్క ఆఫీసుకెళ్లగానే చిన్న స్క్రూడ్రైవరు పెట్టి కీబోర్డులోంచి షిఫ్ట్ కీని పైకి లేపి తీసేసింది.

"అక్కా, కీబోర్డుకి పన్ను పీకావా?" అన్నాడు పిలక.

"అవును. నొప్పి తగ్గుతుందేమో చూద్దాం."

తల చేసేటప్పుడు ఆ కీబోర్డు, డ్యూటీ మొదలవగానే స్టోర్‌లోంచి తెచ్చుకున్న ఇంకో కీబోర్డు. అలా మార్చుకుంటూ పనిచేసింది. మొదట్లో చిటికెనవేలు ఆ ఖాళీ గుంటలోకే వెళ్లి తడుముకునేది. నున్నగా చెయ్యడానికి వీల్లేక, పెట్టింది పెట్టినట్టే ఉండిపోయేది. తప్పు పెడితే తప్పుగానే ఉండేది, అది చూస్తూ దాని పక్కన ఇంకోటి పెట్టాల్సొచ్చేది. ఒక వైపు చేస్తే రెండో వైపు దానంతటదే వచ్చే సదుపాయాన్ని కూడా ఆపేసింది. రెండు బుగ్గలూ విడివిడిగా చేసుకోవాలి. పని నత్తనడక అయింది.

ఫోటోలు చాల్లేదు. ఆదివారం పొద్దున అత్తగారి వెనక నిలబడి, "ఒకసారి మెడ పట్టుకోనా?" అని అడిగింది.

"పట్టుకో. ఇన్నేళ్లకి నీకు అవకాశం దొరికింది" అంది అత్తగారు. "ఒరేయ్, సాక్షిగా నిలబడరా."

కోడలు నవ్వుతూనే వేళ్లతో తడిమింది. కుడివైపు మెడ కండ తాడులా ఉంది. భుజం ఎముక పైన చదునుగా, గట్టిగా. తడిసిన దుప్పట్ల మూటలు ఆ భుజం మీదే మోసేదట. ఎందుకూ అంటే, ఎడమవైపు పైపులుండేవి, మూట తగులుతుందని. దవడ కింద వేలు పెట్టి నమలమంది. అత్తగారు ఖాళీ నోరు నమిలి, "ఇంకా నయం, గడ్డెయ్యలేదు" అంది. కళ్ల కింద సన్నటి గీతలు అడ్డంగా కాక లోపలికి నొక్కుకుని ఉన్నాయి. పొద్దస్తమానం ఆవిరిలో కళ్లు చికిలించుకుని దుప్పటి అంచులు వెతుక్కునే మనిషికి పడే గీతలవి. నోటి కుడిమూల దగ్గర ఒక లోతైన మడత. అది నవ్వుకి పడింది. కాలిన వైపు చర్మం బిగిసిపోయి సాగదు కాబట్టి ఆమె ఒక పక్కకే నవ్వుతుంది. పదేళ్లకి పైగా ఒకే ఇంట్లో ఉంటూ ఆ ఒక్కవైపు నవ్వుని కోడలు దెప్పిపొడుపు అనుకుంది చాలాసార్లు.

మచ్చ కూడా చేసింది. దాన్ని విడిగా, మీద పరిచిన పల్చటి పొరలా చేసింది, కావాలంటే చూపించేలా వద్దంటే దాచేలా. బాగా వచ్చింది. చర్మం ఎక్కడ ముడుచుకుంది, ఎక్కడ మెరుస్తుంది, అన్నీ. ఆమె చేసినవాటిలోకెల్లా బాగా వచ్చింది అదే. అది ఆమెకి తెలుసు.

నెలాఖరు దగ్గరపడ్డాక ఇంట్లో రెండూ చూపించింది. మచ్చతో ఒకటి, మచ్చ లేకుండా ఒకటి.

"మీ ఇష్టం అత్తయ్యా. నిజంగానే మీ ఇష్టం."

అత్తగారు మచ్చ ఉన్నదాన్ని ముందు చూసింది. "బాగా చేశావు. అచ్చం అదే" అంది. తర్వాత లేనిదాన్ని చూసింది. తిరుగుతున్న తలకేసి చూస్తూ చూస్తూ తన దవడ తడుముకుంది, భుజం తడుముకుంది. "ఈ ముసల్దాన్ని నాకు తెలుసు" అంది.

"అయితే?"

"ఇదే చూపించు."

"మచ్చ లేకపోతే కుర్చీ రాకపోవచ్చు."

"అది నీ ఇష్టం. నువ్వడిగావు, నేను చెప్పాను."

ఇంకెవరైనా అయితే, సరే ఈ ఒక్కసారికి అని ఆమెని బతిమాలి ఉండేవాళ్లు. క్లీనప్ అక్కకీ ఆ మాట నోటిదాకా వచ్చింది. అది మింగి, మర్నాడు ఆఫీసులో ఆ పొరని తీసేసింది. దాచడం కాదు, పూర్తిగా తీసెయ్యడం.

టెస్టు రోజు పై గదిలో ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చినవాళ్ల తలలు ముందు తిరిగాయి. ఒకరిద్దరివి నిజంగా బావున్నాయి. తర్వాత ఆమె కూర్చుంది.

తల తిరుగుతోంటే ఈసారి ఎవరూ నీట్‌గా ఉందనలేదు.

"ఈవిడ ఏదో అనబోయి ఆపుకున్నట్టుంది" అంది ఒకామె.

"కుడి భుజం పైకి ఉందేంటి? మోసేదా?"

గడ్డం ముందుకు వంగి చూశాడు. "బానే మారింది. కానీ ఫోటోలో మచ్చ ఉంది, పోయినసారి మనందరం చూశాం. ఇక్కడ లేదు. చెయ్యమని ప్రత్యేకంగా చెప్పాం. అంటే అక్క మళ్లీ క్లీనప్ చేసేసింది."

క్లీనప్ అక్క నియమం ప్రకారం నోరు విప్పలేదు. లీడ్ తలని కింది నుంచి చూసింది, నీడ చేసి చూసింది, లైటు జరిపింది. అన్నీ అయ్యాక, "ఇప్పుడు మీరు మాట్లాడొచ్చు" అంది.

"మచ్చ చేశాను. ఆమెకి చూపించాను. వద్దంది. తీసేశాను."

"పొర ఉందిగా, ఆన్ చెయ్యండి, చూద్దాం" అన్నాడు గడ్డం.

"లేదు. ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఆన్ చేస్తారు."

"మనం చేసేది పాత్రండీ. దానికి ఆవిడ ఒప్పుకోవడమేంటి?"

"నాకూ మొదట అలాగే అనిపించింది" అంది ఆమె. "కింద స్టూలు మీద కూర్చున్నవాళ్లని, మీ మొహంలో ఏది ఉంచమంటారని ఒక్కరినీ అడగలేదు నేను. ఈవిడ మా ఇంట్లో ఉంటుంది, రాత్రి నాతోపాటే అన్నం తింటుంది, అడగక తప్పలేదు. అడిగాక వినకపోతే అసలు అడగడం దేనికి? కుర్చీ ఇవ్వకపోతే ఇవ్వకండి. ఆ మొహం మీద ఇప్పటికే చాలామంది నిర్ణయాలు తీసుకున్నారు."

గడ్డం కుర్చీలో వెనక్కి వాలాడు.

లీడ్ మళ్లీ తెర వైపు తిరిగింది. "మచ్చలోనే కథంతా ఉందన్నాను పోయినసారి" అంది నెమ్మదిగా. "తొందరపడ్డాను. ఈ కింది రెప్పల్లో ఆవిరి కనబడుతోంది నాకు. ఏం పని చేసేదని ఈసారి అడగక్కర్లేదు." ఆగి, తలని పక్కకి తిప్పింది. "చెవులు మాత్రం బాలేవు."

"చెవులా?"

"కుడిచెవి చేసి, అద్దంలోలాగా తిప్పి ఎడమవైపు అతికించారు. రెండూ ఒకటే చెవి. మొహమంతా విడివిడిగా చేసి ఇక్కడ దొరికిపోయారు."

ఆమె చూసింది. నిజమే. ఆఖరి రోజుల్లో టైము చాలక చేసింది, పైగా ఎడమచెవి అంచు కూడా కాలి ముడుచుకుని ఉంటుంది, దాని జోలికి పోవడం దేనికని.

"చెవులు మళ్లీ చెయ్యండి" అంది లీడ్, కాగితాలు సర్దుకుంటూ. "సోమవారం నుంచి పైన కూర్చుని చెయ్యండి."

ఇంటికెళ్లేసరికి అత్తగారు వంటింట్లో ఉంది. "ఏమన్నారు?" అంది వెనక్కి తిరక్కుండానే.

"చెవులు బాలేవన్నారు."

"నా చెవులకేమొచ్చింది?"

"మీవి కాదు, నేను చేసినవి. ఎడమది చెయ్యలేదు నేను. అక్కడా కాలింది కదా, మిమ్మల్ని అడగలేదని."

"కుర్చీ?"

"ఇచ్చారు."

అత్తగారు గరిటె కింద పెట్టి తిరిగి చూసింది. "మరి ముందు అది చెప్పవేమే? చెవుల నుంచి మొదలుపెట్టావు." కోడలి మొహంలోకి కాసేపు చూసి, కిటికీ వైపు పక్కకి తిరిగి నిలబడి, జుట్టు ఎడమచెవి వెనక్కి తోసుకుంది.

"ఇది చేసుకో. దీన్నెవరూ పోస్టరు వెయ్యలేదు."

కోడలు ఫోన్ తియ్యలేదు. దగ్గరికెళ్లి, ముడుచుకుపోయిన ఆ అంచుని వేలితో మెల్లగా పట్టుకుని, ఎంత మందం ఉందో చూసింది.

"తొందరగా కానియ్యి" అంది అత్తగారు. "పొయ్యిమీద పాలున్నాయి."